వ్యామోహం కూల్చే పాత్రను కథలో మలచడం ఎలా?

ఒక మనిషి మరొక మనిషి మీద పెంచుకున్న వ్యామోహం వల్ల పదవినీ, పరువునీ, చివరకు ప్రాణాన్నీ పోగొట్టుకునే కథ రాయాలని కూర్చున్నవారిలో చాలామంది ఒకేచోట తడబడతారు. నాయకుడి ప్రేమ ఎంత గొప్పదో చెప్పడానికి పుటలకొద్దీ వర్ణించి, ఆ తరువాత అతణ్ణి చంపి, పాఠకుడు కంటతడి పెట్టుకుంటాడని ఎదురుచూస్తారు. పాఠకుడు మాత్రం చలించడు, ఎందుకంటే ప్రేమ ఎంత గాఢమైనదైనా దానంతట అది ఎవరినీ కూల్చదు. వచ్చిన జవాబును జవాబుగా ఒప్పుకోలేని మనస్తత్వమే మనిషిని కూలుస్తుంది. కాదన్న మాట చెవిన పడిన ప్రతిసారీ ఆ పాత్ర ఏదో ఒక నిర్ణయం తీసుకుంటుంది. ఆ నిర్ణయాలను ఒకదాని వెంట ఒకటి, తప్పించుకునే వీలు ఉండి కూడా తప్పించుకోని క్రమంలో పేర్చగలిగితే మీ కథ నిలబడుతుంది.

ఈ పనికి మూడు పాత్రలను దగ్గర పెట్టుకోమని నా సలహా. ఒకటి, 13వ శతాబ్దంలో తిక్కన తెలుగు చేసిన విరాటపర్వంలోని కీచకుడు. రెండు, శరత్‌చంద్ర చటోపాధ్యాయ 1917లో ప్రచురించిన నవలలోని దేవదాసు. మూడు, స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1925 నాటి నవలలోని జే గాట్స్‌బీ. కీచకుణ్ణి విషాదపాత్రగా లెక్కించవచ్చునా అన్న అనుమానం మీకు రావచ్చు. అతను దుర్మార్గుడే, అందులో వాదన లేదు. అయినా పతనాన్ని మెట్టుమెట్టుగా కట్టడం నేర్చుకోవడానికి అతని కథకు సాటివచ్చేది నాకు కనిపించలేదు. అలాంటి మనిషి మీద సానుభూతి ఎలా పుట్టించాలన్నది మిగిలిన ఇద్దరి దగ్గర నేర్చుకోవచ్చు.

మొదట బలాన్ని రాయండి

నాయిక కథలోకి అడుగుపెట్టకముందే మీ పాత్రకు ఉన్న అసలు బలం ఏమిటో తేల్చుకోండి, ఎందుకంటే చివరకు అతణ్ణి చంపవలసింది ఆ బలమే. కీచకుడు విరాటరాజుకు బావమరిది, మత్స్యదేశానికి సేనాపతి. అతని భుజబలం ఉన్నంతవరకు పొరుగు రాజులెవరూ ఆ రాజ్యం వంక చూడలేదు. దాని పర్యవసానంగా ఆ దేశంలో అతనికి అడ్డు చెప్పగలవాడు లేకుండా పోయాడు. నిండు సభలో, అందరూ చూస్తుండగా, అతను ద్రౌపదిని తన్నినప్పుడు రాజు నోరు మెదపకపోవడానికి కారణం ఇదే. 1963 నాటి ‘నర్తనశాల’ చిత్రంలో ఈ పాత్రను ధరించి, జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా బహుమతి పొందిన ఎస్.వి. రంగారావు నటనను ఈ దృష్టితో మరొకసారి చూడండి. భయపడేవారి మధ్యనే బతికిన మనిషికి ఎదురుమాట అర్థమే కాదని ఆయన నడకలోనే తెలిసిపోతుంది.

గాట్స్‌బీ బలం వేరు. ఉత్తర డకోటాలోని పేద రైతు కుటుంబంలో జేమ్స్ గాట్జ్‌గా పుట్టి, పదిహేడో ఏట తన పేరు తానే మార్చుకొని, కొత్త మనిషిని తనలో తానే తయారుచేసుకున్నవాడు అతను. తనను తాను మార్చుకోగలిగినవాడు కాలాన్ని కూడా మార్చగలనని నమ్మడంలో వింతేమీ లేదు. దేవదాసు విషయంలో బలం అనదగినది జమీందారు కొడుకు కావడమే. అతను చేసిన ప్రతి తప్పునూ ఎవరో ఒకరు సర్దిపెడుతూ వచ్చారు, అందువల్ల తన జీవితానికి తాను నిర్ణయం తీసుకోవలసిన గడియలో అతనికి ఆ విద్య రాలేదు.

ఇప్పుడు కాగితం మీద ఒకే వాక్యం రాయండి: నా పాత్రకు ఇంతవరకు గెలుపు తెచ్చిన గుణం ఏది, అదే గుణం అతణ్ణి ఏ సన్నివేశంలో ముంచుతుంది? ఈ వాక్యం కుదిరేవరకు తరువాతి పనికి వెళ్ళకండి.

అతనికి కావలసినది ఏమిటో ఒక మాటలో పెట్టండి

“అతను ఆమెను ప్రేమించాడు” అన్న వాక్యంతో కథ నడవదు. ప్రేమలో మునిగిన పాత్రకు కావలసినది తరచి చూస్తే, అవతలి మనిషి నోట వినాలనుకునే ఒక నిర్దిష్టమైన మాటగా తేలుతుంది. గాట్స్‌బీకి తాను ఒకప్పుడు ప్రేమించిన, ఇప్పుడు మరొకరి భార్య అయిన డెయిజీ దక్కితే చాలదు. తాను యుద్ధానికి వెళ్ళినప్పటి నుంచి మళ్ళీ ఆమెను కలిసేవరకు గడిచిన అయిదేళ్ళూ జరగనట్టే చెరిగిపోవాలి. అందుకోసం ఆమె తన భర్తతో, “నిన్ను ఏనాడూ ప్రేమించలేదు” అని చెప్పి తీరాలి. న్యూయార్క్ హోటల్ గదిలో, ఉక్కపోతలో, ఆ మాట కోసం అతను ఆమెను ఒత్తిడి చేస్తాడు. ఆమె ఒకప్పుడు భర్తనూ ప్రేమించానని, గాట్స్‌బీనీ ప్రేమించానని నిజం చెబుతుంది. మామూలు ప్రేమికుడికి అందులో సగం గెలుపు ఉంది, ఆమె తనను ప్రేమించానని అందరి ముందూ ఒప్పుకుంది కదా. అతనికి మాత్రం అది సర్వనాశనం, ఎందుకంటే అతను అడిగినది ఆమెను కాదు, గతాన్ని. ఆ సన్నివేశంలో ఎవరూ ఎవరినీ కొట్టరు, అయినా ఆ నవలలో అసలు చావు అక్కడే జరిగిందని నేను అనుకుంటాను.

మీ పాత్రకు కూడా “ఆమె ఇలా అనాలి” అని మొదలయ్యే వాక్యం ఒకటి రాసుకోండి. ఆ మాట ఆమె నిజాయితీగా ఎన్నటికీ చెప్పలేనిదై ఉండాలి. చెప్పడానికి వీలున్న మాటే అయితే మీ కథ విషాదాంతం కాదు, ఆలస్యంగా జరిగే పెళ్ళి కథ అవుతుంది.

ప్రేమకు గురైన మనిషికి సొంత కథ ఇవ్వండి

చిత్తుప్రతులలో ఎక్కువగా కనిపించే లోపం ఇక్కడే ఉంటుంది. నాయకుడి మోహానికి గురైన స్త్రీకి కళ్ళు, జడ, నవ్వు తప్ప మరేమీ ఉండవు. అతను ఆమెను మనిషిగా చూడడం లేదన్నది మీ కథాంశం కావచ్చు, కానీ మీరు కూడా చూడకపోతే పాఠకుడికి ఆ తేడా తెలిసే మార్గం లేదు.

ద్రౌపది పరిస్థితిని గమనించండి. పన్నెండేళ్ళ అరణ్యవాసం ముగిసి, ఒక సంవత్సరం అజ్ఞాతవాసంలో ఆమె సైరంధ్రిగా అంతఃపురంలో కొలువు చేస్తూ ఉంది. తాము ఎవరో బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి తప్పదు. కీచకుడి కంట ఆమె పడేసరికి గడువులో ఎక్కువ భాగం గడిచిపోయింది. అంటే ఆమె గట్టిగా అరిచినా ప్రమాదమే, ఊరుకున్నా ప్రమాదమే. ఆ ఇరకాటంలోనే ఆమె అతనికి స్పష్టంగా హెచ్చరిక చేస్తుంది. తన భర్తలు అయిదుగురు గంధర్వులనీ, వారు అతని మానప్రాణాలు తీయడం తథ్యమనీ చెబుతుంది. “దుర్వారోద్యమ” అని మొదలయ్యే ఆ పద్యం తెలుగునాట పద్యాభిమానుల నోళ్ళలో ఈనాటికీ నానుతూనే ఉంది. సభలో న్యాయం దొరకనప్పుడు, రాత్రివేళ వంటశాలకు వెళ్ళి భీముణ్ణి నిద్రలేపాలన్న నిర్ణయం కూడా ఆమెదే. అయిదుగురిలో ఎవరి దగ్గరకు వెళితే పని జరుగుతుందో ఆమెకు తెలుసు. కీచకుడికి ఇవేవీ తెలియవు. అతని కంటికి ఆమె ఒక అందమైన పనిమనిషి మాత్రమే. పాఠకుడికి ఆమె ఎవరో తెలిసి, అతనికి తెలియకపోవడం వల్ల అతను వేసే ప్రతి అడుగూ మనకు గోతి అంచున వేసినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ మన సినిమాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. అమ్మాయి కాదన్నప్పుడు దానిని ఒప్పుకోలుకు తొలి విడతగా చూపించి, వెంటపడడాన్ని ప్రేమగా చలామణి చేసిన కథలను మనం తరాలుగా చూశాం. ఆ అలవాటు రచయిత చేతిలోకి తెలియకుండానే వచ్చి చేరుతుంది. మీ నాయిక కాదనే సన్నివేశంలో సిగ్గును, ఓరచూపును, వెనుదిరిగి నవ్వడాన్ని చేర్చకండి. ఆమె కాదన్న మాట పాఠకుడికి పూర్తిగా వినిపించాలి, నాయకుడికి మాత్రమే వినిపించకూడదు.

పని ఇలా చేయండి: ఆమె ఒక రోజును, కథలో పెట్టకపోయినా సరే, రెండు పుటల్లో ఆమె దృష్టితో రాయండి. ఆమె దేనికి భయపడుతుంది, దేనిని దాచుకుంటుంది, ఆ రోజు నాయకుడి గురించి అసలు ఎంతసేపు ఆలోచించింది? నిజాయితీగా రాస్తే, ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలా చిన్నదిగా తేలుతుంది. ఆ చిన్నదనమే మీ కథకు విషాదాన్ని ఇస్తుంది.

మెట్లను పేర్చండి

పతనం అంటే ఒక్కసారిగా జారిపడడం కాదు. ప్రతి మెట్టూ చిన్నదిగా, అప్పటికి పెద్ద తప్పుగా అనిపించనిదిగా ఉండాలి, ప్రతి మెట్టు దగ్గరా వెనక్కు వెళ్ళే దారి తెరిచి ఉండాలి. కీచకుడి కథను ఈ లెక్కన విడదీసి చూద్దాం. అతను ముందు తన అక్క సుధేష్ణను ఈమె ఎవరని అడుగుతాడు. అందులో తప్పు లేదు. తరువాత తిన్నగా ద్రౌపదితోనే మాట్లాడతాడు, ఆమె హెచ్చరిస్తుంది. అక్కడ ఆగి ఉంటే కథే లేదు. ఆగకుండా తిరిగి అక్క దగ్గరకు వెళ్ళి, ఆమెను తనకు దక్కించమని వేడుకుంటాడు. సేనలను నడిపే మనిషి అంతఃపురంలో తోబుట్టువు ముందు ఇలాంటి కోరికతో దీనంగా నిలబడడంతో అతను మొదట పోగొట్టుకున్నది సిగ్గు. సుధేష్ణ మద్యం తెమ్మన్న నెపంతో ద్రౌపదిని అతని ఇంటికి పంపుతుంది. అక్కడ చేయి పట్టుకోవడంతో అతను పోగొట్టుకున్నది మర్యాద. తప్పించుకొని పరుగెత్తిన ఆమెను వెంబడించి రాజసభలో తన్నడంతో, తాను చేస్తున్నది నలుగురికీ తెలియకూడదన్న కనీసపు జాగ్రత్త కూడా పోయింది. ఇన్ని పోయిన తరువాత నర్తనశాలకు ఒంటరిగా రమ్మన్న పిలుపును అనుమానించే శక్తి అతనిలో మిగలలేదు.

మీ కథకూ ఇలాంటి పట్టీ ఒకటి తయారుచేసుకోండి. ప్రతి మెట్టుకు ఎదురుగా మూడు విషయాలు రాయండి: అతను ఏం చేశాడు, ఆ స్థానంలో వివేకం ఉన్నవాడు ఏం చేసేవాడు, ఈ మెట్టు ఎక్కడానికి అతను దేనిని వదులుకున్నాడు. మూడో గడి ఖాళీగా ఉన్న మెట్టును కొట్టివేయండి, అది కథను సాగదీస్తుందే తప్ప ముందుకు నడపదు. ఒకే వస్తువును రెండుసార్లు పోగొట్టుకుంటున్నట్టు కనిపిస్తే ఆ రెండు సన్నివేశాలను ఒకటి చేయండి. దేవదాసులా తాగుతూ, తిరుగుతూ గడిపే నాయకుణ్ణి రాసేవారు ఈ జాగ్రత్త మరింత తీసుకోవాలి. తాగడం ఒకసారి చూపిస్తే అది పతనం, నాలుగోసారి చూపిస్తే అది అలవాటు.

దేవదాసు అనగానే మన కళ్ళ ముందు చేతిలో సీసా, పక్కన కుక్క కనబడతాయి. 1953 నాటి తెలుగు చిత్రం అంత బలంగా మన మనసుల్లో నాటుకుంది. కానీ నవలలో అసలు మలుపు తాగుడు కంటే చాలా ముందే ఉంది. పార్వతి లోకనిందను లెక్కచేయక అర్ధరాత్రి అతని గదికి ఒంటరిగా వచ్చి తన మనసు చెప్పుకుంటుంది. అతను తల్లిదండ్రులను ఎదిరించలేక కలకత్తాకు వెళ్ళిపోయి, అక్కడి నుంచి ఆమె మనసు విరిగేలా ఉత్తరం రాస్తాడు. పశ్చాత్తాపపడి తిరిగి వచ్చేసరికి ఆమె కాదంటుంది. అప్పుడు చెరువు గట్టున చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటిమీద కొడతాడు. ఇవ్వజూపినప్పుడు తీసుకోలేనివాడు, ఇవ్వనన్నప్పుడు గాయపరుస్తాడు. ఆ తరువాత అతను తాగిన ప్రతి గుక్కకూ ఆ దెబ్బే మూలం. మీ కథలో కూడా ఇలాంటి సన్నివేశం ఒకటి ముందే పడాలి. పాఠకుడు దానిని చివరిదాకా మరిచిపోకూడదు, నాయకుడు దానిని గురించి మాట్లాడకూడదు.

తోడ్పడేవారిని మరిచిపోకండి

వ్యామోహం ఒంటరిగా ఎవరినీ అంత దూరం తీసుకుపోలేదు. సుధేష్ణ మద్యం తెమ్మని పంపకపోతే, గాట్స్‌బీ, డెయిజీ కలుసుకోవడానికి పక్కింటి నిక్ తన ఇంట్లో తేనీటి ఏర్పాటు చేయకపోతే ఆ కథలు ముందుకు కదలవు. తోడ్పడినవారికి వారి కారణాలు వారికి ఉండాలి. ద్రౌపదిని కొలువులో చేర్చుకునేటప్పుడే ఈమె అందాన్ని చూసి తన భర్త మనసు చెదురుతుందేమోనని భయపడిన సుధేష్ణ, తమ్ముడి మీది మమకారంతో ఆ పని చేసిందనుకున్నా, ఆ పాత భయం కూడా లోపల పనిచేసి ఉంటుందని ఊహించుకోవడానికి తావుంది. అలాంటి తావును మీరూ విడిచిపెట్టండి, విప్పి చెప్పకండి.

కథ ఎవరు చెబుతున్నారో తేల్చుకోండి

గాట్స్‌బీ తన కథను తానే చెప్పి ఉంటే మనం పది పుటలకే విసిగిపోయేవాళ్ళం. పక్కింట్లో ఉంటూ, సగం మెచ్చుకుంటూ, సగం చిరాకుపడుతూ చూసే నిక్ చెప్పడం వల్లనే అతని మీద మనకు జాలి మిగిలింది. వ్యామోహంలో ఉన్న మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటలు ఒకేలా ఉంటాయి కాబట్టి, మొదటి నవల రాస్తున్నవారికి పక్కనున్న సాక్షి చేత చెప్పించడమే క్షేమమని నేను సలహా ఇస్తాను.

నాయకుడి నోటనే చెప్పించాలని పట్టుబడితే, అతను చూసినది సరిగానే చెప్పాలి, దాని అర్థాన్ని మాత్రం తప్పుగా చెప్పాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “నేను పంపిన సందేశానికి ఎదురుగా నీలిగీతలు పడి నాలుగు రోజులైంది. జవాబు రాలేదు. మాటలు వెతుక్కుంటూ ఉండి ఉంటుంది, తనకు ఎప్పుడూ అంతే, తొందర లేదు.” ఈ మూడు వాక్యాల్లో పాఠకుడికి ఆమె కథ తెలుస్తుంది, అతనికి తెలియదు. “నేను పిచ్చివాణ్ణయిపోయాను” అని అతని చేత అనిపించారంటే ఆ తేడా అంతా పోతుంది, ఎందుకంటే తన పిచ్చిని గుర్తించినవాడు అప్పటికే సగం కోలుకున్నట్టు.

పతనాన్ని కోరిక తీరే చోటనే పెట్టండి

అన్నిటికంటే ఎక్కువ కాలం మీరు పనిచేయవలసిన సన్నివేశం ఇదే. బయటి నుంచి వచ్చిన రోగం, ప్రమాదం, పగవాడి కుట్ర నాయకుణ్ణి చంపితే అది దురదృష్టం అవుతుంది. అతను కోరినది అతనికి దొరుకుతున్నట్టు కనిపించిన క్షణంలోనే, అతను ఒప్పుకున్న షరతు వల్లనే నాశనం రావాలి.

నర్తనశాల సన్నివేశం నిర్మాణంలో ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. ద్రౌపది అతని కోరికకు ఒప్పుకున్నట్టు నటిస్తూ, ఈ సంగతి మిత్రులకు గానీ సోదరులకు గానీ తెలియకూడదనీ, చీకట్లో ఒంటరిగా రావాలనీ షరతు పెడుతుంది. సైన్యం, అన్నదమ్ముల బలగం, పదవి, అన్నీ ఉన్నవాణ్ణి ఎదిరించడం కష్టం. వాటన్నిటినీ అతని చేతనే ఇంటి దగ్గర వదిలించింది ఆ ఒక్క షరతు. అతను దానికి సంతోషంగా ఒప్పుకుంటాడు, అలంకరించుకుంటాడు, పొద్దు గడవడం లేదని తపిస్తాడు. చీకట్లో అతను చేయి చాచి తాకినది భీముణ్ణి. ఇందులో భీముడి బలం కంటే కీచకుడి తొందరే ఎక్కువ పని చేసింది.

గాట్స్‌బీ ముగింపూ ఇలాంటిదే. కారు నడిపి మర్టిల్ అనే స్త్రీని ఢీకొట్టింది డెయిజీ. ఆ నింద తన మీద వేసుకోవడానికి అతను సిద్ధపడతాడు. అది అతను చేసిన పనుల్లోకెల్లా ఉదాత్తమైనది, మర్టిల్ భర్త తుపాకితో అతని ఇంటికి రావడానికి దారి వేసినదీ అదే. దేవదాసు చనిపోయేలోగా ఒకసారి వస్తానని పార్వతికి ఇచ్చిన మాటను నిలబెట్టుకుంటాడు. జీవితంలో అతను నిలబెట్టుకున్న ఒకే ఒక్క మాట అది. ఆమె ఇంటి ముందు చెట్టు కింద, ఆమె చూడకముందే ప్రాణం పోతుంది. ముగ్గురిలోనూ చివరి చర్య వారి స్వభావానికి పరాకాష్ఠగా ఉంది, అందుకే అది తప్పనిసరి అనిపిస్తుంది.

మీ నాయకుడి ముగింపు ఆత్మహత్య అయితే, ఎలా చేసుకున్నాడన్న వివరాలు రాయకండి. అవి కథకు అక్కరలేదు, బాధలో ఉన్న పాఠకుడికి హాని చేయవచ్చు.

తరువాత మిగిలిన బాకీని లెక్కగట్టండి

చావుతో కథ ముగించాలన్న తొందర వద్దు. కీచకుడు చనిపోయాక అతని సోదరులు, 105 మంది ఉపకీచకులు, చావుకు కారణం ఈమెనేనని ద్రౌపదిని శవంతోపాటు దహనం చేయడానికి ఈడ్చుకుపోయి, భీముడి చేతిలో హతమవుతారు. కీచకుడు లేని విరాటుడు బలహీనుడని తెలిసి త్రిగర్త రాజు సుశర్మ గోవుల కోసం మత్స్యదేశం మీదికి దండెత్తుతాడు. ఒకడి కోరికకు ఒక వంశం, ఒక రాజ్యం వెల చెల్లించవలసి వచ్చింది. గాట్స్‌బీ అంత్యక్రియలకు అతని విందుల్లో తిని తాగినవారు దాదాపుగా ఎవరూ రారు, డెయిజీ నుంచి ఒక కబురు గానీ ఒక పువ్వు గానీ రాదు. మీ కథలో ఎవరు ఏం పోగొట్టుకున్నారో, ముఖ్యంగా తన ప్రమేయం లేకుండా ఈ ప్రేమకు గురైన మనిషి ఏం పోగొట్టుకుందో, కనీసం ఒక సన్నివేశంలో చూపించండి.

చిత్తుప్రతిని ఇలా సరిచూడండి

పూర్తయిన ప్రతిని కొన్నాళ్ళు పక్కన పెట్టి, ఆ తరువాత ఎర్రసిరా కలంతో చదవండి. ప్రేమ ఎంత గాఢమైనదో చెప్పే విశేషణాలన్నిటినీ మొదట కొట్టివేయండి. “ప్రాణం కంటే మిన్నగా”, “ఏడేడు జన్మలకూ” లాంటివి పోయినా కథ నిలబడితే మీరు సరైన దారిలో ఉన్నట్టు. తరువాత, నాయిక మాట్లాడిన వాక్యాలను మాత్రమే వరుసగా ఒక కాగితం మీదికి ఎత్తి రాసుకోండి. ఆ కాగితం ఒక్కటే చదివినా ఆమెకు ఏం కావాలో, ఏం వద్దో అర్థం కావాలి. అర్థం కాకపోతే, నాయకుడి సన్నివేశాలను ఎంత చెక్కినా ప్రయోజనం లేదు, నాయికకు సొంత కథ ఇవ్వమన్న భాగానికి తిరిగి వెళ్ళి ఆమె రోజును మళ్ళీ రాయండి. చివరగా, ఈ రకపు కథలను ఇష్టపడని స్నేహితుడు ఒకరి చేతికి ప్రతి ఇచ్చి, నాయకుడు ఎక్కడ ఆగిపోయి ఉండవలసిందో గుర్తుపెట్టమనండి. అతను నాలుగైదు చోట్ల గుర్తులు పెడితే ప్రతిని అచ్చుకు పంపవచ్చు. ఒక్కచోటే పెడితే మెట్లు చాలలేదు. ఎక్కడా పెట్టకుండా “పాపం, అతనేం చేస్తాడు” అని తిరిగి ఇస్తే, నాయకుడి చేతిలోని నిర్ణయాలన్నిటినీ మీరే లాగేసుకున్నారు, మెట్ల పట్టీ దగ్గరి నుంచి పని మళ్ళీ మొదలుపెట్టండి.